పాలకుర్తి ఐలమ్మ: నాలుగెకరాల కౌలు పొలం

ఈసారి మన వార్షిక నివేదికలో పొదుపులు, రుణాలు, వడ్ల కొనుగోలు లెక్కలతో పాటు ఒక ఆడమనిషి జీవితం కూడా ఉండాలని సమాఖ్య మీటింగుల అనుకున్నాం. ఎవరి గురించి రాయాలె అంటే ఎక్కువ మంది ఐలమ్మ పేరే చెప్పిండ్రు. రాసే పని నాకు ఒప్పజెప్పిండ్రు. మన దగ్గర ఆమె బొమ్మ చూడనోళ్లు లేరు. చేతిల కర్ర, నెత్తి మీద కొంగు, ఎర్రగ చూసే కండ్లు. కానీ ఆ కర్ర ఎందుకు పట్టింది, ఏ పొలం కోసం పట్టింది అని అడిగితే మన సంఘాలల్లనే చానామందికి సగం సగమే తెలుసు. అందుకే ఆ పొలం సంగతి కొంచెం ఎక్కువ రాస్తున్న.

ఆమె పుట్టింది రాయపర్తి మండలం కృష్ణాపురంల. తొర్రూరు నుంచి వరంగల్ బస్సు ఎక్కితే వర్ధన్నపేట కంటే ముందు వచ్చే రాయపర్తే. తల్లి ఓరుగంటి మల్లమ్మ, తండ్రి సాయిలు. 1895 సెప్టెంబరు 26 ఆమె పుట్టినరోజని ఇప్పుడు ప్రభుత్వం జయంతి జరుపుతున్నది. పాలకుర్తికి చెందిన చిట్యాల నర్సింహకు ఇచ్చి చిన్నతనంలనే పెండ్లి చేసిండ్రు. జిల్లాలు మారినంక తల్లిగారి ఊరు వరంగల్ జిల్లాల, అత్తగారి ఊరు జనగామ జిల్లాల, మనమేమో మహబూబాబాద్ జిల్లాల పడ్డం. మొన్నమొన్నటి దాక అంతా ఒక్క వరంగలే. నిజాం కాలంలో జనగామ తాలూకా నల్లగొండ జిల్లా కింద ఉండేది.

ఆమె అసలు పేరు చిట్యాల ఐలమ్మ. చాకలి ఐలమ్మ అని లోకమంతా పిలుస్తది. దొరలకు, పట్వారీలకు ఇంటిపేరు, చివర రెడ్డి, రావు అన్నీ రాస్తరు. మన పెద్దమనుషులకు మాత్రం కులమే ఇంటిపేరు. ఇది నాకు మొదట నచ్చలేదు. కానీ రజక అక్కలు కొందరు ఆ పేరే మాకు గౌరవం, తీయొద్దు అన్నరు. కాబట్టి రెండు పేర్లూ తెలిసి ఉంటే మంచిది.

అప్పటి వెట్టి గురించి పిల్లలకు చెప్తే నమ్మరు. చాకలి ఇల్లంటే దొర ఇంట్ల, పటేల్ ఇంట్ల, పట్వారీ ఇంట్ల బట్టలు ఉతకాలె, బోళ్లు తోమాలె, మంచాలు మోయాలె, పిలిచినప్పుడల్ల పోవాలె. కూలి అని చేతిల పెట్టేది ఏమీ ఉండదు. ఇంట్ల మగాయన ఒక్కడు పోతే సరిపోదు, ఆడామె, పిల్లలు కూడా పోవాలె. ఒకే కుటుంబం చేసే పనికి లెక్కే లేదు. అందులో ఆడవాళ్ల పని అసలు పని కిందికే రాదు. ఇయ్యాల మనం ఇంటి పనికి విలువ లేదు అని మాట్లాడుకుంటున్నం కదా, ఆ రోజుల్లో పొరుగింటి పనికి కూడా విలువ లేదు.

ఐలమ్మ చేసిన మొదటి తెలివైన పని ఏమిటంటే, కులవృత్తి మీదనే బతుకు ఆనకుండ భూమి దిక్కు చూసింది. పాలకుర్తి పక్కనున్న మల్లంపల్లి మక్తేదారు కొండల్‌రావుకు పాలకుర్తిలో 40 ఎకరాల భూమి ఉండేది. ఆ భూమిని ఐలమ్మ కౌలుకు తీసుకున్నది. అందులో నాలుగు ఎకరాలు సాగు చేసింది. మనలో కౌలు చేసే అక్కలకు ఇది చెప్పనక్కర లేదు. కౌలు అంటే పెట్టుబడి మనది, చెమట మనది, నష్టం మనది, కాయితం మాత్రం ఇంకొకరిది. కానీ ఒకరి వాకిట్ల వంగి నిలబడకుండ మన గింజలు మనం తినే దారి అది. చాకలి ఇంటి ఆడమనిషి సొంతంగ ఎవుసం చేసుడు పాలకుర్తి పట్వారీ వీరమనేని శేషగిరిరావుకు కంటగింపు అయింది. కుటుంబంతో సహా వచ్చి తన పొలంల పనిచేయాలని ఒత్తిడి పెట్టిండు. ఐలమ్మ పోలేదు.

పోనని చెప్పుడు ఇప్పుడు తేలికగ అనిపిస్తది. పట్వారీ అంటే అప్పుడు ఊరి భూమి అంతా ఆయన కలంలో ఉంటది. ఏ సర్వే నంబరు ఎవరిది, ఎవరు సాగులో ఉన్నరు అన్నది ఆయన రాసిందే రాత. ఆయన వెనుక విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి. ఆ దొర కింద 60 ఊర్లు, 40 వేల ఎకరాలు అని తెలంగాణ పోరాటం పుస్తకాల్లో రాసిండ్రు. విసునూరు పాలకుర్తికి ఎంతో దూరం కాదు. అక్కడి గడి పేరు చెప్తేనే ఏడ్చే పిల్లలు నోరు మూసేవాళ్లని మా దిక్కు ముసలోళ్లు ఇప్పటికీ చెప్తరు.

ఆ కాలంల ఊర్లల్ల ఆంధ్ర మహాసభ పనిచేస్తున్నది. జనం దాన్ని సంగం అనేవాళ్లు. 1944లో భువనగిరి మహాసభ తర్వాత అది పూర్తిగ రైతుల, కూలోళ్ల సంగం అయింది. వెట్టి చెయ్యొద్దు, భూమి నుంచి గుంజేస్తే ఊకోవద్దు అని చెప్పింది. పాలకుర్తిల జీడి సోమనర్సయ్య నాయకత్వంల సంగం పెట్టిండ్రు. ఐలమ్మ అందులో చేరింది. ఈ మాట మన సభ్యులు ఒకసారి ఆగి చదవాలె. ఆమె ఒంటరిగ దొర మీదికి పోయిన వీరురాలు అన్నట్టు పాటల్లో, నాటకాల్లో చూపిస్తరు. నిజానికి ఆమె ముందు సభ్యురాలు అయింది, తర్వాతనే కొట్లాడింది. సంగపోళ్లను ఊరికి పిలిచింది, ఆమె ఇల్లే వాళ్లకు ఆసరా.

పట్వారీ పోయి ఈ సంగతి విసునూరుల చెప్పిండు. దొర సంగం నాయకుల మీద, ఐలమ్మ ఇంటోళ్ల మీద కలిపి కేసు పెట్టించిండు. జైలుకు పోతే భయపడి కౌలు వదిలేస్తరని ఆయన లెక్క. ఆ కేసుల తీర్పు దొరకు వ్యతిరేకంగ వచ్చింది. ఇక దొర ఇంకో దారి పట్టిండు. పట్వారీని పిలిపించుకొని ఐలమ్మ కౌలు భూమిని తన పేరు మీద రాయించుకున్నడు. నాటు వేసింది ఆమె, కలుపు తీసింది ఆమె, నీళ్లు కట్టింది ఆమె ఇంటోళ్లు. వరి కోతకు వచ్చినంక ఒక్క కలం గీతతో పొలం ఇంకొకరిది అయింది.

దొర కోతకు వంద మంది దాక మనుషులను పంపిండు. కాపలాకు గుత్పలు పట్టుకున్న గూండాలు. ఇవతల సంగం మనుషులు 28 మంది. భీమిరెడ్డి నర్సింహారెడ్డి, చకిలం యాదగిరి, నల్లా నర్సింహులు, కట్కూరి రామచంద్రారెడ్డి లాంటి వాళ్లు అందులో ఉన్నరు. భీమిరెడ్డి అంటే మల్లు స్వరాజ్యం అన్న. తర్వాత పార్లమెంటుకు పోయిండు. ఆనాడు మాత్రం గుత్ప పట్టుకొని మడిలో నిలబడ్డడు. వంద మందిని ఆ 28 మంది తరిమిండ్రు. తరిమి ఊకోలేదు. వరి కోసి, కట్టలు కొట్టి, వడ్లు బస్తాలకు ఎత్తి, భుజాల మీద మోసుకొని ఐలమ్మ ఇంటికి చేర్చిండ్రు. వాళ్లల్ల రెడ్లు, బ్రాహ్మలు కూడా ఉన్నరు. చాకలి ఇంటికి పెద్దకులాల వాళ్లు బస్తాలు మోసుకపోవడం ఆ ఊరు అంతకు ముందు చూసి ఉండదు. నాకు ఈ చరిత్ర మొత్తంల బాగ నచ్చేది ఇదే ముచ్చట. తుపాకి పేలుడు కంటే ఎక్కువ నచ్చుతది.

దొర ఊకుంటడా. ఆ రాత్రే పోలీసులు పాలకుర్తికి వచ్చి నాయకులను పట్టుకపోయిండ్రు. విసునూరు తీసుకపోయి గడిల వాళ్లను పెట్టిన చిత్రహింస చదువుతుంటే కడుపుల దేవినట్టు అయితది, ఇక్కడ రాయను. పంట మీద కూడ మళ్లీ కోర్టు కేసు నడిచింది. కొండా లక్ష్మణ్ బాపూజీ అప్పుడు వకీలు. తర్వాత మంత్రి అయి, 1969ల తెలంగాణ కోసం ఆ పదవి వదులుకున్న ఆయనే. ఆయన సాయంతో ఆ కేసు కూడ ఐలమ్మ దిక్కే అయింది. చదువు రాని ఆడామె రెండుసార్లు కోర్టుల గెలిచింది, అదీ నిజాం రాజ్యంల. కర్ర పట్టుకున్న బొమ్మ చూసినప్పుడు ఈ కోర్టు మెట్లు కూడ యాదికి తెచ్చుకోవాలె.

గెలిచినందుకు ఆమె కట్టిన ధర మామూలుది కాదు. దొర మనుషులు ఇంటికి నిప్పు పెట్టిండ్రు. వడ్లు, డబ్బులు ఎత్తుకపోయిండ్రు. కూతురి మీద అఘాయిత్యం చేసిండ్రు. దీన్ని చానామంది ఒక్క వాక్యంల దాటేస్తరు, లేకపోతే అసలే చెప్పరు. భూమి కొట్లాటల మగవాళ్లను కొడ్తరు, ఆడవాళ్లున్న ఇంటికి ఇట్లాంటి శిక్ష వేస్తరు. పరువు పోతదన్న భయంతో ఆడది కాయితం వదిలేస్తది అన్నదే వాళ్ల ఎత్తు. ఐలమ్మ భూమి వదల్లేదు, ఊరు వదల్లేదు, సంగం వదల్లేదు. తర్వాత ఆమె కొడుకులు ముగ్గురు పట్వారీ ఇంటిని కూలగొట్టి ఆ జాగల మక్కలు వేసిండ్రు. తప్పో ఒప్పో గాని, ఆ మక్క చేను ముచ్చట వింటే మా సంఘంల ముసలోళ్లు ఇప్పటికీ నవ్వుకుంటరు.

ఇక్కడ ఇంకొక ఆడామె సంగతి రాయాలె. విసునూరు దొర తల్లి జానమ్మ కడవెండిల గడి పెట్టుకొని ఉండేది. దొరసాని అని పిలిపించుకునేది. వెట్టి చేయించుడుల, దండుగలు గుంజుడుల ఆమె కొడుకు కంటే తక్కువ కాదని ఆ ఊరోళ్లు చెప్తరు. 1946 జూలై 4 నాడు కడవెండిల సంగపోళ్లు ఊరేగింపుగ పోతుంటే ఆమె గడి దగ్గర దొర మనుషులు తుపాకులు పేల్చిండ్రు. దొడ్డి కొమరయ్య అక్కడనే పాణం విడిచిండు. సాయుధ పోరాటం అక్కడ నుంచే రాజుకున్నదని అందరూ చెప్తరు. నేను జానమ్మ పేరు ఎందుకు తీసిన అంటే, కుర్చీల ఆడమనిషి కూర్చుంటే చాలు ఆడవాళ్ల బతుకు మారుతది అని మనం మీటింగులల్ల తొందరగ అనేస్తం. జానమ్మ ఆడది, ఐలమ్మ ఆడది. ఒకామె చేతిల గడి ఉన్నది, ఒకామె చేతిల నాలుగెకరాల కౌలు ఉన్నది.

తర్వాత సంగతులు పుస్తకాలల్ల బాగనే ఉన్నయి కాబట్టి తొందరగ చెప్త. 1948 సెప్టెంబరుల యూనియన్ సైన్యం వచ్చింది, నిజాం రాజ్యం పోయింది. పోరాటం మాత్రం 1951 అక్టోబరు దాక నడిచింది. 4 వేల మంది పాణాలు పోయినయి, 10 లక్షల ఎకరాలు పేదలకు పంచిండ్రని చరిత్రల రాస్తరు. ఆరుట్ల కమలాదేవి, మల్లు స్వరాజ్యం లాంటి వాళ్లు దళాలల్ల తిరిగిండ్రు. పేరు లేని అక్కలు ఎంతమందో అన్నం వండి పంపిండ్రు, చీటీలు మోసిండ్రు, దళం పోళ్లను ఇండ్లల్ల దాచిండ్రు.

పోరాటం ఆగినంక మగవాళ్లు కొందరు ఎన్నికలల్ల నిలబడ్డరు, పెద్ద నాయకులు అయిండ్రు. ఆడవాళ్లల్ల ఎక్కువ మందిని ఇంటికి పొమ్మన్నరు. ఐలమ్మ పాలకుర్తిలనే ఉండిపోయింది. 1980లల్ల స్త్రీ శక్తి సంఘటన అనే మహిళల సంఘం వాళ్లు ఊరూరు తిరిగి ఆ పోరాటంల పాల్గొన్న ఆడవాళ్లను కలిసి, వాళ్ల నోటి ముచ్చట్లు రాసుకున్నరు. ఐలమ్మ ముచ్చట కూడ అందులో ఉన్నది. మనకు తెలియని మన చరిత్ర అని 1986ల పుస్తకం వచ్చింది. ఆ పుస్తకం రాకముందే, 1985 సెప్టెంబరు 10 నాడు ఐలమ్మ కాలం చేసింది.

ఇప్పుడు ఆమెకు పాలకుర్తిల విగ్రహం ఉన్నది. హైదరాబాద్ కోఠిల ఉన్న మహిళా విశ్వవిద్యాలయానికి 2024ల ఆమె పేరు పెట్టిండ్రు. ఒకప్పుడు ఇంగ్లీషు దొరల రెసిడెన్సీ ఉన్న జాగ అది. గడి బోళ్లు తోమాలని ఒత్తిడి చేసిన కులంల పుట్టిన ఆమె పేరు మీద ఇయ్యాల ఆడపిల్లలు డిగ్రీ పట్టాలు తీసుకుంటరు. మన మండలం పిల్లలు కూడ అక్కడ చదివితే సంతోషమే.

కానీ నాకు ఆమె యాదికొచ్చేది విగ్రహం దగ్గర కాదు, వడ్ల కొనుగోలు కేంద్రం దగ్గర. మన సంఘాలు ఐకేపీ సెంటర్లు నడుపుతున్నయి. తేమ చూసేది మనం, గన్నీ సంచులు పంచేది మనం, కాంటా పెట్టేది మనం, లారీ ఎక్కించే దాక రాత్రిళ్లు కాపలా ఉండేది మనం. వడ్లు తెచ్చేటోళ్లల్ల కూడ సగం మంది ఆడవాళ్లే. ఆరబోసేది, కుప్ప చేసేది వాళ్లే. రాసుకునేటప్పుడు మాత్రం పట్టాదారు పాసుబుక్కు ఎవరిది, బ్యాంకు ఖాతా ఎవరిది అని అడుగుతం. అక్కడికి వచ్చేసరికి ఆ అక్క కొంగుల ముడి విప్పి తీసే జిరాక్సు కాయితం మీద ఆమె పేరు ఉండదు. మొగడిదో, మామదో, చచ్చిపోయిన తాతదో ఉంటది. పైసలు ఆ ఖాతాల పడ్తయి. కౌలు చేసిన అక్కదైతే ఇంకా కష్టం. 2018ల రైతుబంధు వచ్చినప్పుడు కూడ పట్టాదారుకే వచ్చింది, కౌలు చేసేటోళ్లకు రాలేదు.

మా సంఘంల ఒకసారి, ఎవరి పేరు మీద గుంట భూమైన ఉన్నదో చేతులు లేపమన్న. లేచిన చేతులు తక్కువే. లేచినోళ్లల్ల కూడ ఇద్దరు, మొగడు చనిపోయినంక పేరు మారినోళ్లు. రుణం తీసుకునేటప్పుడు మాత్రం అందరి సంతకాలు ఉన్నయి. కిస్తీ కట్టేటప్పుడు కూడ మన పేర్లే పిలుస్తరు. అప్పు మన పేరు మీద, భూమి వాళ్ల పేరు మీద. ఐలమ్మకు పట్వారీ కలంతో వచ్చిన తిప్పలు మనకు దొర లేకుండనే వస్తున్నయి.

చట్టం అయితే ఉన్నది. ఉమ్మడి కుటుంబం ఆస్తిల కొడుకుతో సమానంగ బిడ్డకు కూడ వాటా అని మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల చట్టం తెచ్చిండ్రు. అది 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తిస్తది. ఐలమ్మ కన్నుమూసింది సరిగ్గ ఐదు రోజులకు. ఈ రెండు తేదీలు పక్కపక్కన చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. అయితే ఆ చట్టంల ఒక మెలిక ఉండె. ఆ తేదీ నాటికి పెండ్లి అయిన బిడ్డలకు వాటా లేదు. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటికీ వచ్చిన కొత్త సవరణల ఆ మెలిక తీసేసిండ్రు. పెండ్లి అయినా కాకున్నా బిడ్డకు పుట్టుకతోనే వాటా. ఆ రోజు నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని కూడ లేదని 2020ల సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. 2004 డిసెంబరు 20 కంటే ముందే పద్ధతి ప్రకారం పంపకాలు, రిజిస్ట్రేషన్లు అయిపోయిన ఆస్తి సంగతి వేరు, దాన్ని తిరగదోడరు.

తల్లిగారింట్ల వాటా అడిగితే అన్నదమ్ములు మాట బంద్ చేస్తరు, పండుగకు పిలువరు, చీర పెట్టరు. ఈ భయం నాకూ తెలుసు. అందుకని అందరూ రేపే పోయి కొట్లాడాలని నేను అంటలేను. కొందరు అక్కలు అత్తగారింటి దిక్కు నుంచి మొదలు పెట్టిండ్రు. కొత్తగ కొనే ఇంటి జాగను, అర్ధెకరమో ఎకరమో భూమిని ఇద్దరి పేరు మీద రిజిస్ట్రేషన్ చేయించుకున్నరు. దానికి ఇంట్ల పెద్ద లొల్లి కూడ కాలేదు, అడగకపోతేనే ఇచ్చేటోడు లేడు.

వచ్చే నెల గ్రామ సంఘం మీటింగులకు అక్కలందరూ ఇంట్ల ఉన్న పాసుబుక్కు జిరాక్సు ఒకటి పట్టుకరండి. కౌలు చేసేటోళ్లు కౌలు కాయితం ఉంటే అది, లేకపోతే ఎవరి భూమి, ఎన్ని గుంటలు, ఎన్నేండ్ల నుంచి చేస్తున్నరో ఒక తెల్ల కాయితం మీద రాయించుకొని రండి. ఎవరి పేరు మీద ఏమున్నదో కూర్చొని చూద్దాం. పేరు చేర్పించుకోవాలంటే తహసీల్దారు ఆఫీసుల ఏ దరఖాస్తు ఇవ్వాలో తెలిసిన అక్కను ఆ రోజు పిలుస్తున్నం.